చిన్న రేడియో దూరదర్శినులతో ఖగోళశాస్త్ర బోధన

చిన్న రేడియో దూరదర్శిని అనగా ఆకాశం నుండి వచ్చే రేడియో తరంగాలను గ్రహించి కొలవడానికి పాఠశాలలలోను, కళాశాలలలోను, ఔత్సాహికుల ఇళ్ళలోను అమర్చుకోదగిన పరికరం. సాధారణంగా దీని డిష్ వ్యాసం అర మీటరు నుండి 3 మీటర్ల వరకు ఉంటుంది. కొన్నింటిలో డిష్ ఉండదు. రేకుతో చేసిన కొమ్ము ఆకారపు యాంటెన్నా గాని, స్తంభాల మధ్య కట్టిన రాగి తీగ గాని ఆ పని చేస్తుంది. సూర్యుడు, పాలపుంతలోని హైడ్రోజన్ వాయువు, గురుగ్రహం ఇటువంటి పరికరాలతో పరిశీలించదగిన ముఖ్యమైన రేడియో జనకాలు. 1990ల చివరి నుండి అనేక దేశాలలో వీటిని ఖగోళశాస్త్రం, భౌతికశాస్త్రం, ఎలక్ట్రానిక్స్ బోధనలో ఉపయోగిస్తున్నారు.

పెద్ద రేడియో దూరదర్శినులు కొత్త విషయాలను కనుగొనడానికి ఉద్దేశించినవి. చిన్న దూరదర్శిని ఉద్దేశం వేరు. ఇప్పటికే తెలిసిన ఒక విషయాన్ని విద్యార్థి తన స్వంత కొలతతో నిర్ధారించుకోవడం దీని ప్రయోజనం. పాలపుంత తిరుగుతున్నదని పుస్తకంలో చదవడానికీ, ఆ వేగాన్ని తానే లెక్కకట్టడానికీ మధ్య ఉన్న వ్యత్యాసమే ఈ బోధనా పద్ధతికి మూలం.

చరిత్ర

రేడియో ఖగోళశాస్త్రం చిన్న పరికరాలతోనే మొదలైనది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఇంజనీరుగా పనిచేసిన కార్ల్ జాన్‌స్కీ, దూర ప్రాంతాల టెలిఫోను సంభాషణలకు ఆటంకం కలిగిస్తున్న రొద ఎక్కడి నుండి వస్తున్నదో వెదుకుతూ, 20.5 మెగాహెర్ట్జ్ వద్ద వినవచ్చే ఒక రొద పాలపుంత నుండి వస్తున్నదని 1933లో ప్రకటించాడు. రేడియో ఖగోళశాస్త్రంలో తీవ్రతను కొలిచే ప్రమాణానికి జాన్‌స్కీ అనే పేరు ఆయన గౌరవార్థం పెట్టినదే. ఇలినాయి రాష్ట్రంలోని వీటన్‌లో గ్రోట్ రీబర్ 1937లో తన ఇంటి ఆవరణలో సుమారు 9.5 మీటర్ల వ్యాసం గల పరావలయ డిష్‌ను సొంత ఖర్చుతో నిర్మించాడు. 3300, 900 మెగాహెర్ట్జ్‌ల వద్ద ఆయనకు ఏమీ దొరకలేదు. 160 మెగాహెర్ట్జ్‌కు మార్చిన తరువాత పాలపుంత రేడియో తరంగాలు అందినవి.

హైడ్రోజన్ పరమాణువు 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద రేడియో తరంగాన్ని వెలువరించగలదని నెదర్లాండ్స్ శాస్త్రవేత్త హెండ్రిక్ వాన్ డి హల్స్ట్ 1944లో ఊహించాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ యూయెన్, ఎడ్వర్డ్ పర్సెల్ 1951 మార్చి 25న దానిని తొలిసారిగా గుర్తించారు. వారు వాడినది పెద్ద డిష్ కాదు, ప్రయోగశాల కిటికీ బయటకు అమర్చిన ఒక కొమ్ము యాంటెన్నా. యూయెన్ అప్పటికి పరిశోధక విద్యార్థి. నేడు పాఠశాలలలో అట్ట, అల్యూమినియం రేకులతో తయారయ్యే కొమ్ము యాంటెన్నాలు సూత్రరీత్యా దానికి వారసులే.

పరికర నిర్మాణం

చిన్న రేడియో దూరదర్శినిలో ప్రధానంగా నాలుగు భాగాలు ఉంటాయి.

యాంటెన్నా: పరావలయాకారపు డిష్ తనపై పడిన తరంగాలను నాభి వద్దకు చేరుస్తుంది. 21 సెంటీమీటర్ల తరంగాలకు డిష్ ఉపరితలం నునుపుగా ఉండవలసిన అవసరం లేదు. తరంగదైర్ఘ్యంతో పోల్చితే బాగా చిన్నవైన రంధ్రాలు గల జల్లెడ వంటి లోహపు వల సరిపోతుంది. దీనివలన బరువు, గాలి తాకిడి తగ్గుతాయి.

తొలి యాంప్లిఫయర్: నాభి వద్దనే అమర్చే ఈ భాగం తక్కువ రొదతో సంకేతాన్ని పెంచుతుంది. యాంటెన్నాకూ దీనికీ మధ్య కేబుల్ పొడవు పెరిగినకొద్దీ సంకేతం క్షీణించి రొద అధికమగును. అందువలన దీనిని సాధ్యమైనంతవరకు యాంటెన్నా వద్దనే ఉంచుతారు.

గ్రాహకం: వచ్చిన సంకేతాన్ని అంకెలుగా మార్చి కంప్యూటరుకు పంపుతుంది. కంప్యూటరులో టీవీ చూడడానికి తయారైన చవకైన యూఎస్‌బీ పరికరాలు సాఫ్ట్‌వేర్ ఆధారిత రేడియో గ్రాహకాలుగా కూడా పనిచేస్తాయని 2012లో ప్రచారంలోకి రావడంతో ఈ భాగం ఖర్చు గణనీయంగా తగ్గినది. వీటిలో సాధారణంగా వాడే రకం ఒకేసారి సుమారు 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పు గల పౌనఃపున్య పట్టీని అందుకోగలదు. హైడ్రోజన్ రేఖ విషయంలో ఇది సెకనుకు సుమారు 500 కిలోమీటర్ల వేగభేదానికి సమానం కనుక పాలపుంత అధ్యయనానికి చాలును.

పీఠం, చోదక వ్యవస్థ: డిష్‌ను దిక్కు, ఎత్తు అను రెండు కోణాలలో తిప్పడానికి మోటార్లు ఉంటాయి. మోటార్లు లేకపోయినా ప్రయోగాలు చేయవచ్చును. డిష్‌ను ఒకచోట స్థిరంగా ఉంచితే భూభ్రమణం వలన ఆకాశమే గంటకు 15 డిగ్రీల చొప్పున దాని ముందు నుండి సాగిపోతుంది.

బోధనకు అనుకూలతలు

దృశ్యకాంతి దూరదర్శినికి రాత్రి, నిర్మలమైన ఆకాశం, వీధిదీపాలు లేని చోటు అవసరం. విద్యార్థులు మాత్రం పగటివేళ, తరచుగా పట్టణాల నడుమ చదువుకుంటారు. 21 సెంటీమీటర్ల తరంగాలు మేఘాలను సులభంగా దాటి వస్తాయి, పగటిపూట కూడా పాలపుంత నుండి అందుతూనే ఉంటాయి. ధనుస్సు నుండి గరుడ, హంస మండలాల వరకు విస్తరించిన పాలపుంత భాగం సాయంకాలపు ఆకాశంలో బాగా కనిపించే కాలం భారతదేశంలో వర్షాకాలం. కంటికి మబ్బు తప్ప మరేమీ కనబడని ఆ రోజులలో కూడా రేడియో పరిశీలన ఆగదు.

రెండవ అనుకూలత ఏమనగా, రేడియో దూరదర్శిని బొమ్మలకు బదులు అంకెలను ఇస్తుంది. ఆ అంకెలకు అర్థం చెప్పడానికి విద్యార్థి త్రికోణమితి, డాప్లర్ ప్రభావం, ఉష్ణ వికిరణం, గణాంక సగటు వంటి పాఠ్యాంశాలను ఒకచోటికి తేవలసి ఉంటుంది.

విద్యార్థులు చేయదగిన ప్రయోగాలు

సూర్యుని పరిశీలన

మొదటి ప్రయోగంగా సాధారణంగా సూర్యుని ఎంచుకుంటారు. డిష్‌ను సూర్యుని మార్గంలో కొంచెం ముందుకు గురిపెట్టి వదిలితే, సూర్యుడు దాని దృష్టిక్షేత్రం గుండా సాగునప్పుడు సంకేతం క్రమంగా పెరిగి తగ్గి గుట్ట ఆకారపు వక్రం ఏర్పడుతుంది. సంకేతం గరిష్ఠ విలువలో సగానికి మించి ఉన్న సమయాన్ని బట్టి దూరదర్శిని దృష్టిక్షేత్రపు వెడల్పును కనుగొనవచ్చు. 2.3 మీటర్ల డిష్‌కు 21 సెంటీమీటర్ల వద్ద ఈ వెడల్పు 6 నుండి 7 డిగ్రీలు ఉంటుంది. సూర్యుడు ఖగోళ మధ్యరేఖ దగ్గర ఉన్నప్పుడు దానిని దాటడానికి సుమారు 26 నిమిషాలు పడుతుంది. సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ మాత్రమే కనుక, వక్రం వెడల్పు సూర్యుని పరిమాణాన్ని గాక పరికరపు పరిమితిని తెలుపుతున్నదని విద్యార్థి గ్రహిస్తాడు. ఏ కొలతలోనైనా పరికరపు వంతు ఎంత, ప్రకృతి వంతు ఎంత అని వేరుచేసి చూడడం ఇక్కడ అలవడుతుంది.

పరికరపు రొదను కొలవడం

గ్రాహకంలో కనబడే సంకేతంలో ఎక్కువ భాగం ఆకాశానిది కాదు, పరికరం తనంతట తాను పుట్టించే రొద. దీనిని ఉష్ణోగ్రత రూపంలో చెబుతారు. డిష్‌ను మొదట నేలవైపు, తరువాత పాలపుంతకు దూరంగా ఉన్న చల్లని ఆకాశం వైపు తిప్పి రెండు విలువల నిష్పత్తిని తీసుకుంటారు. నేల ఉష్ణోగ్రత సుమారు 300 కెల్విన్‌లు, చల్లని ఆకాశం విలువ సుమారు 10 కెల్విన్‌లు అనుకొని, నిష్పత్తి 3 వచ్చినదనుకుంటే, పరికరపు రొద ఉష్ణోగ్రత 135 కెల్విన్‌లు అగును. 300కు 135 కలిపితే 435, 10కి 135 కలిపితే 145. మొదటిది రెండవదానికి సరిగ్గా మూడు రెట్లు. ఒక సామాన్య సమీకరణంతో సాధ్యమయ్యే ఈ లెక్క ఆ తరువాతి ప్రయోగాలన్నింటికీ కొలబద్దగా ఉపయోగపడుతుంది.

హైడ్రోజన్ రేఖ

హైడ్రోజన్ పరమాణువులో ప్రోటాను, ఎలక్ట్రానుల స్పిన్‌లు ఒకే దిశలో ఉన్న స్థితి శక్తి, వ్యతిరేక దిశలలో ఉన్న స్థితి శక్తి కంటే స్వల్పంగా ఎక్కువ. మొదటి స్థితి నుండి రెండవదానికి మారినప్పుడు 1420.406 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం గల తరంగం వెలువడుతుంది. ఒంటరి పరమాణువులో ఈ మార్పు తనంతట తాను జరగడానికి సగటున కోటి సంవత్సరాలకు పైగా పడుతుంది. అయినా పాలపుంతలో హైడ్రోజన్ రాశి అపారమైనది కావడం వలన చిన్న డిష్‌కు కూడా ఈ సంకేతం అందుతుంది. పాలపుంత తలంలో దీని తీవ్రత అనేక పదుల కెల్విన్‌లు ఉంటుంది. 150 కెల్విన్‌ల రొద గల పరికరంతో 5 కిలోహెర్ట్జ్ వెడల్పు గల ఒక్కొక్క పట్టీలో ఒక నిమిషం పాటు సగటు తీసుకుంటే, రొదలోని ఒడుదుడుకులు సుమారు 0.3 కెల్విన్‌కు తగ్గుతాయి. అందువలన ఒక తరగతి వ్యవధిలోనే స్పష్టమైన రేఖను చూడవచ్చును.

పాలపుంత భ్రమణం

వాయువు మనవైపు వస్తుంటే రేఖ పౌనఃపున్యం పెరుగుతుంది, దూరమవుతుంటే తగ్గుతుంది. సెకనుకు 1 కిలోమీటరు వేగానికి సుమారు 4.74 కిలోహెర్ట్జ్ మార్పు వస్తుంది. భూమి సూర్యుని చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నది కనుక ఆ వేగాన్ని, సమీప నక్షత్రాల సగటు దృష్ట్యా సూర్యునికి గల వేగాన్ని లెక్కనుండి సవరించాలి. ఒకే దిశను కొన్ని నెలల తేడాతో పరిశీలించిన విద్యార్థులకు రేఖ స్థానం మారడం కనిపిస్తుంది. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతున్నదనడానికి ఇదొక ప్రత్యక్ష నిదర్శనం.

పాలపుంత కేంద్రం దిశ నుండి 90 డిగ్రీల లోపు కోణంలో, హంస మండలం వైపు డిష్‌ను గురిపెట్టినప్పుడు, ఆ చూపు రేఖ వెంట వేర్వేరు దూరాలలోని వాయువు వేర్వేరు వేగాలతో కనిపిస్తుంది. వాటిలో గరిష్ఠ వేగం, చూపు రేఖ ఒక వృత్తాకార కక్ష్యను స్పర్శించే బిందువు నుండి వస్తుంది. ఈ గరిష్ఠ వేగానికి, సూర్యుని భ్రమణ వేగాన్ని ఆ కోణపు సైన్ విలువతో గుణించి కలిపితే ఆ బిందువు వద్ద భ్రమణ వేగం లభిస్తుంది. కేంద్రం నుండి సూర్యుని దూరాన్ని అదే సైన్ విలువతో గుణిస్తే ఆ బిందువు దూరం లభిస్తుంది.

ఉదాహరణకు, కోణం 30 డిగ్రీలు, కొలిచిన గరిష్ఠ వేగం సెకనుకు 110 కిలోమీటర్లు, సూర్యుని వేగం సెకనుకు 220 కిలోమీటర్లు అనుకొనిన, భ్రమణ వేగం 110కి 110 కలిపి 220 కిలోమీటర్లు అగును. సూర్యుని దూరం సుమారు 26,700 కాంతి సంవత్సరాలు కనుక ఆ బిందువు దూరం అందులో సగం, అనగా సుమారు 13,300 కాంతి సంవత్సరాలు. దూరం సగమైనా వేగం మారలేదు. ద్రవ్యరాశి అంతా కేంద్రం వద్దనే ఉన్నట్లయితే, సౌరకుటుంబంలోని గ్రహాల వలె, లోపలి కక్ష్యలో వేగం సెకనుకు సుమారు 311 కిలోమీటర్లు ఉండవలసినది. కాబట్టి ద్రవ్యరాశి కేంద్రంలో పోగుపడి లేదని, బయటకు పోయినకొద్దీ పెరుగుతూ పోతున్నదని తెలుస్తుంది. ఈ వేగం నుండి సూర్యుని కక్ష్య లోపల ఉన్న ద్రవ్యరాశిని అంచనా వేస్తే సుమారు 9,000 కోట్ల సూర్యులకు సమానమని వస్తుంది.

ఈ ప్రయోగంతో కృష్ణ పదార్థాన్ని కనుగొన్నట్లు చెప్పడం సరికాదు. స్పర్శ బిందువు పద్ధతి సూర్యుని కక్ష్య లోపలి భాగానికి మాత్రమే వర్తిస్తుంది. ఆ లోపలి భాగపు వేగాలను చాలావరకు నక్షత్రాలు, వాయువుల ద్రవ్యరాశితోనే వివరించవచ్చును. కంటికి కనిపించే పదార్థం తగ్గిపోయిన బయటి ప్రాంతాలలో కూడా వేగం పెద్దగా తగ్గకపోవడమే కృష్ణ పదార్థానికి బలమైన ఆధారం. దానికి దూరాలను వేరే పద్ధతులతో నిర్ణయించవలసి ఉంటుంది. తమ కొలత ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడ ఆగిపోతుందో విద్యార్థులు చర్చించుకోవడానికి ఇది మంచి సందర్భం.

గురుగ్రహం

గురుగ్రహం నుండి సుమారు 40 మెగాహెర్ట్జ్‌కు లోబడిన పౌనఃపున్యాలలో ఉధృతమైన రేడియో తరంగాలు అప్పుడప్పుడు వెలువడుతాయి. వీటిని బర్క్, ఫ్రాంక్లిన్ 1955లో కనుగొన్నారు. గురుని ఉపగ్రహమైన అయో స్థానాన్ని బట్టి ఇవి వచ్చే అవకాశం మారుతుందని 1964లో తేలినది. వీటిని అందుకోవడానికి డిష్ అక్కరలేదు. 20 మెగాహెర్ట్జ్‌ల వద్ద పనిచేసే రెండు తీగ డైపోల్ యాంటెన్నాలు చాలును. వాటిని కట్టడానికి విశాలమైన ఆటస్థలం మాత్రం కావాలి.

వ్యతికరణం

రెండు చిన్న యాంటెన్నాల సంకేతాలను కలిపితే అవి వ్యతికరణం చెంది, వాటి మధ్య దూరమంత పెద్ద దూరదర్శినికి ఉండే సూక్ష్మ విభేదన సామర్థ్యాన్ని ఒక దిశలో ఇస్తాయి. భారతదేశంలోని జీఎంఆర్‌టీ వంటి పెద్ద దూరదర్శినుల సమూహాలు పనిచేసే సూత్రం ఇదే.

వివిధ దేశాలలో కార్యక్రమాలు

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన హేస్టాక్ వేధశాల 1990ల చివరలో 2.3 మీటర్ల డిష్ గల ఒక బోధనా దూరదర్శినిని రూపొందించినది. చిన్న రేడియో దూరదర్శిని అనే పేరే దానికి స్థిరపడినది. విడిభాగాల రూపంలో అమ్ముడైన ఇది అనేక విశ్వవిద్యాలయాలకు చేరినది. అదే వేధశాల తరువాత ఉపగ్రహ టీవీ భాగాలతో ఇంకా చిన్నదైన వ్యతికరణ పరికరాన్ని రూపొందించినది. దీనితో గదిలో వెలిగే సీఎఫ్ఎల్ దీపాలనే రేడియో జనకాలుగా వాడి వ్యతికరణాన్ని చూపవచ్చును. ఇటువంటి భాగాలతోనే 11.072 గిగాహెర్ట్జ్ వద్ద భూవాతావరణపు పై పొరలలోని ఓజోన్‌ను కొలిచే పరికరం కూడా తయారైనది.

గురుగ్రహ పరిశీలన కొరకు నాసా సహకారంతో 1998లో ఆరంభమైన రేడియో జోవ్ కార్యక్రమం విద్యార్థులే అతికించుకోదగిన 20.1 మెగాహెర్ట్జ్ గ్రాహకాన్ని ప్రచారంలోకి తెచ్చినది. పశ్చిమ వర్జీనియాలోని గ్రీన్‌బ్యాంక్ వేధశాలలో 40 అడుగుల దూరదర్శినిని 1987 నుండి విద్యార్థుల శిక్షణకు కేటాయించారు. స్వీడన్‌లోని ఆన్సాలా వేధశాల 2.3 మీటర్ల డిష్‌లను ఇంటర్నెట్ ద్వారా దూరం నుండి నడిపే సదుపాయాన్ని సాల్సా అనే పేరుతో కల్పించినది. దీనివలన సొంత పరికరం లేని పాఠశాల కూడా పాలపుంతను కొలవగలదు. అయితే పరికరాన్ని చేతితో విప్పి బిగించి, తప్పు ఎక్కడ ఉన్నదో వెదికి పట్టుకొనే అనుభవం దూరం నుండి నడపడంలో లభించదు.

భారతదేశంలో

భారతదేశానికి రేడియో ఖగోళశాస్త్రంలో బలమైన సంప్రదాయం ఉన్నది. గోవింద్ స్వరూప్ నాయకత్వంలో ఊటీ వద్ద 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు గల దూరదర్శిని 1970లోను, తరువాత పుణె జిల్లాలో ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసం గల 30 డిష్‌లతో జీఎంఆర్‌టీ ఏర్పడినవి. పుణెలోని ఐయూకా, ఎన్‌సీఆర్‌ఏ సంస్థలు కళాశాల విద్యార్థులకు రేడియో ఖగోళశాస్త్రంలో శీతాకాలపు శిక్షణను నిర్వహించినవి. ఇందులో చిన్న యాంటెన్నాలతో ప్రయోగాలు ముఖ్యభాగం.

ఇళ్ళపై కనిపించే డీటీహెచ్ డిష్ కూడా ఒక రేడియో దూరదర్శినే. సుమారు 60 సెంటీమీటర్ల వ్యాసం గల ఈ డిష్‌కు 11 గిగాహెర్ట్జ్‌ల వద్ద దృష్టిక్షేత్రపు వెడల్పు 3 డిగ్రీలకు కొంచెం ఎక్కువ. టీవీ మెకానిక్‌లు ఉపగ్రహాన్ని వెదకడానికి వాడే చిన్న మీటరును దీనికి తగిలిస్తే సూర్యుని వైపు తిప్పినప్పుడు ముల్లు లేస్తుంది. ఏటా రెండుసార్లు కొన్ని రోజులపాటు పగటివేళ కొన్ని నిమిషాలు టీవీ ప్రసారాలకు అంతరాయం కలగడం చాలామందికి అనుభవమే. ఆ సమయంలో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వచ్చి తన రేడియో రొదతో ఉపగ్రహ సంకేతాన్ని కప్పివేస్తాడు. హైదరాబాదు నుండి చూస్తే భూస్థిర ఉపగ్రహాలు ఖగోళ మధ్యరేఖకు సుమారు 3 డిగ్రీల దక్షిణంగా ఉంటాయి. కనుక ఈ అంతరాయం మార్చి విషువత్తుకు సుమారు ఒక వారం ముందు, సెప్టెంబరు విషువత్తుకు సుమారు ఒక వారం తరువాత కలుగుతుంది. ఏ రోజున, ఏ నిమిషంలో ఇది జరుగునో ముందుగా లెక్కించి సరిచూచుకోవడం ఖర్చు లేని మంచి ప్రయోగం.

పరిమితులు

6 డిగ్రీల దృష్టిక్షేత్రం పన్నెండు నిండు చందమామలను పక్కపక్కన పేర్చినంత వెడల్పు. మానవ నేత్రం సుమారు ఒక నిమిషపు కోణాన్ని వేరుపరచగలదు. ఆ లెక్కన 2.3 మీటర్ల డిష్ చూపు కంటికంటే కొన్ని వందల రెట్లు మొద్దుబారినది. అందువలన దీనితో నక్షత్రమండలాల చిత్రాలు రావు. సుదూర గెలాక్సీల వంటి బలహీనమైన జనకాలను పరిశీలించడం చాలా కష్టం.

మానవ నిర్మిత రేడియో రొద మరొక ఆటంకం. కంప్యూటర్లు, ఎల్ఈడీ దీపాలు, విద్యుత్ అడాప్టర్లు, మొబైల్ టవర్లు దూరదర్శినిని కలవరపెడతాయి. 1400 నుండి 1427 మెగాహెర్ట్జ్ వరకు గల పట్టీలో ఎవరూ ప్రసారాలు చేయరాదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం నిబంధన ఉన్నది. ఈ రక్షణ లేకపోతే హైడ్రోజన్ రేఖ పెద్ద వేధశాలలకూ, పాఠశాలలకూ ఒకేవిధంగా దూరమవుతుంది.

సాధారణ అపోహలు

రేడియో దూరదర్శిని అంతరిక్షంలోని శబ్దాన్ని వింటుందని చాలామంది విద్యార్థులు భావిస్తారు. రేడియో తరంగం కాంతి వంటిదే, శబ్దం కాదు. స్పీకరులో వినిపించేది గ్రాహకం మార్చి ఇచ్చిన రూపం మాత్రమే. అలాగే యాంటెన్నా ఉష్ణోగ్రత అనగా యాంటెన్నా లోహం వేడి అనుకోవడం పొరపాటు. అది అందిన రేడియో శక్తిని చెప్పే ఒక కొలమానం.

జాగ్రత్తలు

మెరిసే డిష్‌ను సూర్యుని వైపు తిప్పినప్పుడు ఎండ కూడా నాభి వద్ద కేంద్రీకృతమై ప్లాస్టిక్ భాగాలను కరిగించగలదు, చేతిని కాల్చగలదు. అందువలన మెరుపులేని రంగు పూసిన డిష్‌ను గాని, వల డిష్‌ను గాని వాడాలి. మేడపై అమర్చిన డిష్‌కు పిడుగు నుండి రక్షణగా ఎర్తింగ్ ఏర్పాటు చేయాలి, గాలివానకు పడిపోకుండా గట్టిగా బిగించాలి. విద్యుత్ తీగలకు దగ్గరలో తీగ యాంటెన్నాలు కట్టరాదు.

ఇవి కూడా చూడండి

రేడియో ఖగోళశాస్త్రం
పాలపుంత
హైడ్రోజన్
డాప్లర్ ప్రభావం
జీఎంఆర్‌టీ